పావుకిలో పుట్టగొడుగుల్లో ఏముంది?

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైప్ చేసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినిపిస్తోందా? సరే. ముందు ఒక పని మొదలుపెట్టి తర్వాత మాట్లాడతాను, ఎందుకంటే ఆ పని అవడానికి దాదాపు నా ప్రసంగమంత టైమ్ పడుతుంది. ఇదిగో కాటా. ఇవి మామూలు తెల్ల బటన్ పుట్టగొడుగులు, ముక్కలు కోసి తెచ్చాను. ముందు వరుసలో ఉన్నవాళ్లు కాస్త అంకె చూసి చెప్పండి, నా మాట నమ్మక్కర్లేదు. 250 గ్రాములు, అంతే కదా? ఇది మూకుడు. నూనె వెయ్యట్లేదు, ఉప్పు వెయ్యట్లేదు, నీళ్లు అసలే వెయ్యట్లేదు. స్టవ్ వెలిగించాను, మంట ఓ మాదిరిగా పెట్టాను. మాడు వాసన వస్తే మీరే చెప్పాలి, మాటల్లో పడితే నాకు గుర్తుండదు.

మనకో మాట ఉంది కదా, ఏదైనా ఉన్నట్టుండి ఎక్కడపడితే అక్కడ కనిపిస్తే పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి అంటాం. ఈమధ్య పుట్టగొడుగుల గురించిన మాటలే పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి. మాంసానికి సమానం అంటారు ఒకరు. క్యాన్సర్‌కి మందు అంటారు ఇంకొకరు. బి12 కోసం ఇక వేరే ఏమీ తినక్కర్లేదు అని ఒకరు రాస్తారు. ఈ గోలంతా విని విసుగెత్తిన నాలుగో ఆయన, అందులో ఏముందండీ, ఉత్త నీళ్లు, అంటాడు. ఈ నలుగురిలో నిజానికి బాగా దగ్గరగా ఉన్నది ఎవరో చెప్పండి? నాలుగో ఆయనే. ఉత్త నీళ్లు అన్నాయన.

అసలు అది రాత్రికి రాత్రి ఎలా పుట్టుకొస్తుంది, ఎప్పుడైనా ఆలోచించారా? సాయంత్రం ఏమీ లేని చోట పొద్దున లేచేసరికి గొడుగు విప్పుకుని నిలబడి ఉంటుంది. జరిగేదేమిటంటే, చొక్కా గుండీ అంత ఉన్నప్పుడే కాడా, గొడుగూ, గొడుగు కింద మడతలూ అన్నీ లోపల తయారైపోయి ఉంటాయి. ఆ తర్వాత కొత్త సరుకు పెద్దగా చేరదు, దారాల్లాంటి ఆ కణాలు నీళ్లు పీల్చుకుని బెలూన్లలా ఉబ్బుతాయి. రాత్రికి రాత్రి పెరిగిందంతా చాలామటుకు నీరేనన్నమాట. అందుకే 100 గ్రాముల పచ్చి బటన్ పుట్టగొడుగుల్లో 92 గ్రాములకి పైగా నీరే ఉంటుంది. మిగిలిన ఏడెనిమిది గ్రాముల్లో ఏముందో చెప్పడానికే నన్ను పిలిచారు.

కేలరీల సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. 100 గ్రాములకి 22 కేలరీలు. ఈ మూకుడంతా కలిపి 55. ఇప్పుడు నేను ఇందులో ఒక పెద్ద చెంచాడు నూనె పోశాననుకోండి, ఆ ఒక్క చెంచాలోనే దాదాపు 120 కేలరీలు. అర్థమైందా? కూర కంటే చెంచా బరువు. పుట్టగొడుగులు తింటే సన్నబడతారా అని అడిగేవాళ్లకి నేనెప్పుడూ ఇదే చెబుతాను, పుట్టగొడుగుల్ని అడక్కండి, నూనె సీసాని అడగండి.

ఇక అందరూ అడిగే ప్రొటీన్. దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది. పచ్చి బటన్ పుట్టగొడుగులు 100 గ్రాముల్లో ప్రొటీన్ దాదాపు 3 గ్రాములు. కూరగాయలతో పోలిస్తే మంచి అంకే. కానీ ఒక్క గుడ్డులోనే 6 గ్రాములు ఉంటుంది, ఉడికించిన పప్పు 100 గ్రాముల్లో 9 గ్రాముల వరకు ఉంటుంది. ఈ పావుకిలో మొత్తం మీరొక్కరే కూర్చుని తిన్నా ఒక గుడ్డు కంటే కాస్త ఎక్కువ, అంతే. మరి మాంసానికి సమానం అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? ఎండు బరువు లెక్క నుంచి వచ్చింది. నీరంతా తీసేసి ఎండబెట్టి పొడి చేసి కొలిస్తే ప్రొటీన్ 20, 30 శాతం, కొన్నిట్లో ఇంకా ఎక్కువే కనిపిస్తుంది. ఆ అంకెని తీసుకెళ్లి నీటితో ఉన్న మాంసం పక్కన పెడతారు. ఒకణ్ని పీట మీద నిలబెట్టి, ఇంకొకణ్ని నేల మీద నిలబెట్టి ఇద్దరి ఎత్తూ కొలిచినట్టు.

అక్కడితో అయిపోలేదు. అసలు ప్రొటీన్‌ని ఎలా కొలుస్తారో తెలుసా? నేరుగా కొలవరు. నత్రజనిని కొలుస్తారు. 1883లో డెన్మార్క్‌లో, కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో, యోహాన్ కెల్దాల్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది. ఆయనకి కావాల్సింది గింజల్లో ప్రొటీన్ ఎంత ఉందో తెలియడం, బీరు కోసం. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి, నత్రజని ఎంతో తెలిస్తే దాన్ని 6.25తో గుణిస్తే సరిపోతుంది అన్నారు. చాలా ఆహారాలకి ఫర్వాలేదు. పుట్టగొడుగు దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. దాని కణాల గోడల్లో చిటిన్ అని ఒక పదార్థం ఉంది, అందులోనూ నత్రజని ఉంది, కానీ అది ప్రొటీన్ కాదు. యంత్రానికి ఆ తేడా తెలీదు కదా, నత్రజని కనిపిస్తే లెక్కలో వేసేస్తుంది. అందుకని పుట్టగొడుగులకి 6.25 బదులు 4.38తో గుణించాలని పెట్టుకున్నారు. నేను చెప్పిన 3 గ్రాములు ఈ సరిచేసిన లెక్క. అదే పుట్టగొడుగుని పాత లెక్కలో వేస్తే 4.4 అవుతుంది. పుట్టగొడుగు ఒకటే, గుణకారం మారింది. ప్యాకెట్ మీద ప్రొటీన్ అంకె మరీ ఘనంగా కనిపిస్తే ఏ ఎక్కంతో గుణించారో అని ఒకసారి అనుమానపడండి.

అలాగని ఆ ప్రొటీన్ నాసిరకమా అంటే, కాదు. మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ అందులో ఉన్నాయి. ధాన్యాల్లో తక్కువగా ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లం ఇందులో బాగానే ఉంది కాబట్టి ధాన్యంతో కలిపి తింటే జోడీ కుదురుతుంది. నాణ్యత ఉంది, పరిమాణం లేదు. అంతే నా ఫిర్యాదు.

ఆ, చప్పుడు మారింది విన్నారా? ఇందాక చిటపటమని పొడిగా ఉంది, ఇప్పుడు కుతకుతమంటోంది. దగ్గరికొచ్చి చూడండి ఎవరైనా ఒకరు. నేను నీళ్లు పొయ్యలేదు కదా? మూకుట్లో ముక్కలు మునిగేంత నీళ్లు చూడండి. ఇదంతా వాటిలోదే. ఈ నీటిని దయచేసి ఎవరూ పారబొయ్యకండి. బి విటమిన్లూ పొటాషియమూ నీటిలో కరిగేవి, అవి ఇప్పుడు ముక్కల్లో కొంత, ఈ నీటిలో కొంత ఉన్నాయి. కొంతమంది పుట్టగొడుగుల్ని ముందు ఉడకబెట్టి, నీళ్లు వార్చేసి, తర్వాత వండుతారు. పోషకాలు సింకుకి పెట్టి మనం పిప్పి తింటున్నట్టు. అలా మరగనివ్వండి, మళ్లీ ముక్కల్లోకే ఇంకుతుంది.

చిటిన్ అన్నాను కదా, దాని గురించి ఒక ముచ్చట చెప్పి ముందుకెళతాను. పీత గుల్లలో, రొయ్య పెంకులో, బొద్దింక రెక్కలో ఉండేది అదే. ముఖాలు అలా పెట్టకండి. దాన్ని మొట్టమొదట గుర్తించింది మాత్రం పీతలో కాదు, పుట్టగొడుగులోనే, 1811లో, ఆన్రీ బ్రాకొనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. మొక్కల గోడల్లో ఉండే సెల్యులోజ్ శిలీంధ్రాల గోడల్లో ఉండదు, దాని బదులు చిటిన్, గ్లూకాన్లు అనే చక్కెర గొలుసులు ఉంటాయి. పుట్టగొడుగుని మనం కూరగాయల బుట్టలో వేస్తాం గానీ అది మొక్క కాదు. జన్యువుల లెక్కలో చూస్తే మొక్కల కంటే జంతువులకే దగ్గర చుట్టం. ఇదంతా వంటకి ఎందుకు అంటారా? చిటిన్ వేడికి కరగదు. వంకాయ ఎక్కువసేపు ఉడికితే ముద్దయిపోతుంది, మాంసం ఎక్కువసేపు వేగితే చెప్పు తోలవుతుంది, పుట్టగొడుగు ఇరవై నిమిషాలు వేగినా, నలభై నిమిషాలు ఉడికినా కొరికితే అలాగే గట్టిగా తెలుస్తుంది. వంట కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే క్షమాగుణం ఉన్న సరుకు లేదు. నేను ఇక్కడ కబుర్లు చెబుతూ దాన్ని అక్కడ వదిలేసింది ఆ ధైర్యంతోనే.

మనకి అందే పీచు కూడా ఈ చిటిన్, గ్లూకాన్ల నుంచే. 100 గ్రాములకి బటన్‌లో 1 గ్రాము, ఆయిస్టర్, షిటాకే అనే పుట్టగొడుగు రకాల్లో రెండున్నరకి అటూఇటూగా. గొప్పలు చెప్పుకునేంత కాదు.

ఖనిజాలూ విటమిన్లూ గబగబా చెప్పేస్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. 100 గ్రాముల బటన్‌లో పొటాషియం 318 మిల్లీగ్రాములు, సోడియం చూస్తే 5 మిల్లీగ్రాములే, బీపీ ఉన్నవాళ్లకి ఈ జత బాగుంటుంది. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లకి మాత్రం ఇదే అంకె టెన్షన్, వాళ్లు అడిగి తినాలి. బి2, అంటే రైబోఫ్లేవిన్, 0.4 మిల్లీగ్రాములు, పెద్దవాళ్లకి రోజుకి కావాల్సినదాంట్లో మూడో వంతు. బి3 మూడున్నర మిల్లీగ్రాములు, బి5 ఒకటిన్నర. రాగి కూడా రోజు అవసరంలో మూడో వంతు వస్తుంది. సెలీనియం 9 మైక్రోగ్రాములు, అదే జాతిలో గోధుమరంగు రకంలో ఇంకా ఎక్కువ ఉండొచ్చు, అది ఎలాంటి ఎరువు మీద పెరిగిందన్నదాన్ని బట్టి మారుతుంది. 22 కేలరీల్లో ఇన్ని వచ్చాయంటే నిజంగా మెచ్చుకోవాలి.

లేనివేంటో కూడా చెప్పాలి కదా. కాల్షియం 3 మిల్లీగ్రాములు, లేనట్టే. ఇనుము అర మిల్లీగ్రాము. సి విటమిన్ నామమాత్రం. ఎ విటమిన్ లేదు. ఇక బి12. ఇది జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టనివాళ్లు. బటన్ 100 గ్రాముల్లో ఉన్నది 0.04 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 2.4. భాగించండి. ఎంతొచ్చింది? 6 కిలోలు. రోజుకి 6 కిలోల పుట్టగొడుగులు తినగలిగితే మీకు బి12 సమస్య లేదు, వేరే సమస్యలు వస్తాయి. పుట్టగొడుగులు తింటున్నాను కదా అని బి12 మాత్ర మానేసినవాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, చెయ్యెత్తక్కర్లేదు, ఇంటికెళ్లి మాత్ర వేసుకోండి.

రుచి కూడా పోషణ లెక్కలోనే

ఇప్పుడు వాసన వస్తోందా? ఇది మాడు వాసన కాదు, నీరు ఇంకిపోయింది, అంచులు ఎర్రబడుతున్నాయి. ఒక మాట. ముక్కలు పచ్చిగా ఉన్నప్పుడు స్పాంజిలాగా లోపల గాలి గదులుంటాయి, అప్పుడు నూనె పోస్తే మొత్తం తాగేస్తుంది, మూకుడు పొడిగా కనిపిస్తుంది, అయ్యో అని ఇంకో చెంచా పోస్తాం. ముందు ఇలా వట్టిగా వేయిస్తే ఆ గదులన్నీ కూలిపోతాయి. ఇప్పుడు ఒక చిన్న చెంచా వేస్తే చాలు, పైపైన పట్టుకుంటుంది. ఇదిగో, వేశాను.

ఈ వాసనకీ రుచికీ పోషణకీ ఏంటి సంబంధం అనుకుంటున్నారా? ఉంది. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా అనే ఆయన సముద్రపు నాచు రసంలోంచి గ్లుటమేట్‌ని వేరుచేసి, తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక ఇది ఇంకో రుచి అని, దానికి ఉమామి అని పేరు పెట్టాడు. 1957లో అకిరా కునినాకా షిటాకే పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ అనే ఇంకో పదార్థం ఆ రుచినే ఇస్తోందని చూపించాడు. అసలు సంగతి ఏంటంటే, ఈ రెండూ కలిస్తే ఒకటీ ఒకటీ రెండు కాదు, రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. పుట్టగొడుగుల్లో గ్లుటమేట్ సహజంగానే ఉంది. ఎండు షిటాకేలో, ఎండి మళ్లీ నానినప్పుడు, వేడి తగిలినప్పుడు, గ్వానిలేట్ తయారవుతుంది. నాలుక తృప్తిపడుతుంది కాబట్టి ఉప్పు చెయ్యి తగ్గించొచ్చు. ఇందాక సోడియం 5 మిల్లీగ్రాములు అన్నాను, నిజమే, కానీ పైన మనం గుప్పెడు ఉప్పు జల్లితే ఆ అంకెకి అర్థం ఏముంది? పుట్టగొడుగు మనకి చేసే పెద్ద మేలు దానిలో ఉన్నదాని వల్ల కాదు, దానివల్ల మనం మానెయ్యగలిగినదాని వల్ల అని నా అభిప్రాయం. ఉప్పు కొంత, నూనె కొంత, మాంసం తినేవాళ్లైతే కీమాలో సగం. సగం కీమా, సగం సన్నగా తరిగిన పుట్టగొడుగులు కలిపి వండి చూడండి, చెప్పకపోతే ఇంట్లో ఎవరూ కనిపెట్టరు.

ఎండలో పెడితే

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. డి విటమిన్ కూరగాయల్లో దొరకదు, మీకు తెలిసిందే. పుట్టగొడుగుల్లో? చీకటి గదిలో పెంచిన బటన్‌లో దాదాపు లేదు, 100 గ్రాములకి 0.2 మైక్రోగ్రాములు. కానీ దాని కణాల పొరల్లో ఎర్గోస్టెరాల్ అని కొవ్వులాంటి ఒక పదార్థం ఉంది. మన చర్మం మీద ఎండ పడితే డి3 ఎలా తయారవుతుందో, ఎర్గోస్టెరాల్ మీద అతినీలలోహిత కిరణాలు పడితే డి2 అలా తయారవుతుంది. దానికి పుట్టగొడుగు బతికి ఉండక్కర్లేదు. కోసేశాక, ముక్కలు చేశాక, ప్లేటులో పరిచాక కూడా జరుగుతుంది, ఎందుకంటే అది కాంతి చేసే రసాయన చర్య, జీవి చేసే పని కాదు. ముక్కలు కోసి, మడతలు ఆకాశం వైపు ఉండేట్టు పరిచి, మిట్టమధ్యాహ్నం ఎండలో అరగంట, గంట ఉంచితే 100 గ్రాముల్లో 10 మైక్రోగ్రాములు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా రావచ్చు. పెద్దవాళ్లకి రోజుకి 15 కావాలంటారు. ఎక్కడ 0.2, ఎక్కడ 10!

మడతలు పైకి ఎందుకు? గొడుగు పైభాగం నున్నగా ఉంటుంది. కింద చూడండి, ఇదిగో ఈ పెద్దదాన్ని తిప్పి చూపిస్తున్నాను, పుస్తకం పేజీల్లా ఎన్ని పొరలున్నాయో, ఎండ తగిలే చోటు అక్కడే ఎక్కువ.

ఒక తప్పు చేశాను నేను, మీరు చెయ్యకండి. మొదటిసారి ఈ సంగతి చదివి, మహా ఉత్సాహంగా, దుమ్ము పడకూడదని గాజు కిటికీ లోపల, చక్కగా ఎండ పడే చోట పెట్టి, వారాల తరబడి తిని మురిసిపోయాను. మామూలు గాజు ఆ కిరణాల్ని లోపలికి రానివ్వదు. వెలుతురొచ్చింది, వేడొచ్చింది, విటమిన్ రాలేదు. బయట పెట్టాలి, పైన గాజు గానీ మూత గానీ ఉండకూడదు. డి2 వంటలో చాలామటుకు నిలుస్తుంది, నిలవ పెట్టేకొద్దీ తగ్గుతుంది. ఇంకో నిజం కూడా చెప్పాలి, రక్తంలో స్థాయిని ఎక్కువ కాలం నిలబెట్టడంలో డి3తో పోలిస్తే డి2 కాస్త వెనకే. డాక్టరు లోపం ఉందని మాత్రలు రాస్తే అవి మానేసి ప్లేటు ఎండలో పెట్టుకుని కూర్చోకండి.

ఈ ఎర్గోస్టెరాల్‌ని 1889లో వేరుచేసింది షార్ల్ తాన్రే అనే ఫ్రెంచి ఫార్మసిస్టు. ఎందులోంచి? ఎర్గాట్ అనే విషపు బూజులోంచి, రై ధాన్యం కంకులకి పట్టే తెగులు అది. ఇరవై ఏళ్ల తర్వాత, 1909లో, అదే మనిషి అదే బూజులోంచి ఇంకొకటి తీశాడు, ఎర్గోథయోనీన్. ఇవాళ పుట్టగొడుగుల మీద పరిశోధన చేసేవాళ్లు ఎక్కువగా మాట్లాడేది దీని గురించే. దీన్ని మన శరీరం తయారు చేసుకోలేదు, మొక్కలూ తయారు చెయ్యవు, శిలీంధ్రాలు, కొన్ని బ్యాక్టీరియాలు మాత్రమే చేస్తాయి. అయినా మన కణాల్లో దాన్ని లోపలికి లాక్కునేందుకు ప్రత్యేకంగా ఒక ద్వారం ఉందని 2005లో కనిపెట్టారు. అనవసరమైనదానికి శరీరం ద్వారం ఎందుకు పెట్టుకుంటుంది? ఈ ప్రశ్నతోనే బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్త 2018లో దీన్ని దీర్ఘాయువుకి కావాల్సిన విటమిన్ల కోవలో చేర్చాలని ప్రతిపాదించాడు. ప్రతిపాదన అన్నాను, గమనించండి. కణాల్ని ఆక్సీకరణ నుంచి కాపాడుతుందని ప్రయోగశాలలో తేలింది, మనుషుల ఆయువు పెంచుతుందని తేలలేదు. ఇది బటన్ కంటే ఆయిస్టర్‌లో, షిటాకేలో ఎక్కువ. వేడికి తట్టుకుంటుంది కాబట్టి వండినా పెద్దగా పోదు.

ఇక క్యాన్సర్ మందు అన్న మాట. దీని వెనక ఒక నిజం ఉంది, ఆ నిజాన్ని గోరంతలు కొండంతలు చేశారు. షిటాకేలోంచి తీసిన లెంటినాన్ అనే గ్లూకాన్‌ని జపాన్‌లో 1980ల్లో కడుపు క్యాన్సర్ రోగులకి వాడటానికి అనుమతించారు. ఎలా? శుద్ధి చేసి, ఇంజెక్షన్‌గా, కీమోథెరపీతో పాటు. కీమోథెరపీ బదులు కాదు, అన్నంలో కలుపుకునీ కాదు. నరంలోకి ఎక్కించిన మందుకి వచ్చిన ఫలితాన్ని సీసాలో పొడికి అంటించి అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సారీ, కొంచెం గొంతు పెరిగింది.

అదే లెంటినాన్ ఇంకో పని కూడా చేస్తుంది, వినండి. షిటాకే పచ్చిగానో సగం ఉడికించో తింటే కొంతమందికి ఒకట్రెండు రోజుల తర్వాత వీపు మీద, పొట్ట మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు తేలతాయి. 1977లో జపాన్‌లో మొదటిసారి వర్ణించారు. బాగా వండితే ఈ బెడద లేదు. బటన్‌లో కూడా అగారిటీన్ అని ఒక పదార్థం ఉంది, జంతువుల మీద ప్రయోగాల్లో దాని మీద అనుమానాలొచ్చాయి, వండితే బాగా తగ్గిపోతుంది. సలాడ్‌లో ఎప్పుడైనా రెండు ముక్కలు పచ్చివి తిన్నంత మాత్రాన ఏమీ కాదు, కానీ రోజూ పచ్చివి తినే అలవాటు ఉంటే మానుకోండి. పైగా పచ్చిగా తింటే అరగడమూ కష్టమే. కడుపు ఉబ్బరం వచ్చేవాళ్లు కొందరుంటారు, దానికి మానిటాల్ అనే చక్కెర ఒక కారణం, బటన్‌లో అది బాగా ఉంది, ఆయిస్టర్‌లో తక్కువ. ఒకటి పడకపోతే ఇంకొకటి ప్రయత్నించండి, పుట్టగొడుగులన్నీ పడవని తీర్మానించెయ్యకండి.

అడవిలో ఏరుకొచ్చినవాటి గురించి అడుగుతారని తెలుసు. నా సమాధానం ఒక్కటే, తెలిసినవాళ్లు చేత్తో పట్టుకుని చూసి ఇది ఫలానాది అని చెబితే తప్ప తినొద్దు. ఫోటో చూసి చెప్పమని నన్ను అడగొద్దు. అమనిటా ఫలాయిడెస్, డెత్ క్యాప్ అంటారు, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, తిన్నవాళ్లు రుచిగానే ఉందని చెప్పారు. ఆరు గంటల నుంచి రోజు దాకా ఏమీ తెలీదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆ తర్వాత తగ్గిపోతుంది, హమ్మయ్య అనుకుంటారు, ఆ తగ్గిన రోజునే లోపల లివర్ పాడైపోతూ ఉంటుంది. ఒక్క పుట్టగొడుగు చాలు మనిషి ప్రాణానికి. ఉడికించినా, ఎండబెట్టినా ఆ విషం పోదు. వెండి చెంచా నల్లబడితే విషం, పురుగు తింటే మంచిది, తొక్క ఊడొస్తే మంచిది, ఇవన్నీ అబద్ధాలు. నత్తలు డెత్ క్యాప్‌ని తిని హాయిగా వెళ్లిపోతాయి. ఇంకో సంగతి, పుట్టగొడుగులు తాము పెరిగే చోటునుంచి కాడ్మియం, పాదరసం లాంటివి కూడా పీల్చుకుంటాయి. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత యూరప్ అడవుల పుట్టగొడుగుల్లో రేడియోధార్మిక సీజియం పేరుకుంది. కాబట్టి జాతి మంచిదైనా రోడ్డు పక్కనా, ఫ్యాక్టరీ పక్కనా పెరిగినవి వద్దు.

వెనకనుంచి ఎవరో అడుగుతున్నారు, కడగొచ్చా, నీళ్లు పీల్చుకోవా అని. అమ్మా, అప్పటికే 92 శాతం నీరున్నదానికి ఇంకో చుక్క ఎక్కితే ఏమైంది? కుళాయి కింద గబగబా కడగండి, వెంటనే వండండి. కడిగి ఫ్రిజ్‌లో పెడితే మాత్రం పాడవుతాయి. కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్‌లో చెమట పట్టి జిగురొస్తాయి. కోసిన చోట గోధుమరంగు వస్తే భయం లేదు, ఆపిల్ ముక్క రంగు మారినట్టే అదీ. వేలికి జిగురు తగిలితే, పుల్లటి వాసనొస్తే పారెయ్యండి.

ఇంకొకరు యూరిక్ యాసిడ్ గురించి. పుట్టగొడుగుల్లో ప్యూరిన్లు, అంటే ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారేవి, మధ్యరకంగా ఉంటాయి, లివర్, చేప గుడ్లు అంత కాదు. గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల నొప్పి, ఉన్న రోజుల్లో మానండి, మామూలు రోజుల్లో కొద్దిగా తినొచ్చు, మీ డాక్టరు వద్దంటే ఆయన మాటే వినండి.

సరే, స్టవ్ కట్టేస్తున్నాను. రండి, ఇందాక అంకె చదివినవాళ్లే మళ్లీ రండి. ప్లేటు బరువు తీసేశాను. ఎంత? 118. చెంచాడు నూనె వేశాక కూడా 118. సగం కంటే ఎక్కువ అలా గాల్లో కలిసిపోయింది, మనం మాట్లాడుకుంటుండగానే. ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు, ఇందాక పావుకిలోలో ఉన్న ఏడెనిమిది గ్రాములే ఇప్పుడు ఈ ప్లేటులో ఉన్నాయి. ఇప్పుడు ఎవరైనా దీన్ని కొలిచి, వండితే ప్రొటీన్ రెట్టింపయింది అని రాశారనుకోండి, ఏం జరిగిందో మీకు తెలుసు.

ఉప్పు వెయ్యలేదు, గుర్తుందిగా. ముందు అలాగే ఒక ముక్క తినండి, చప్పగా ఉంటే ఉప్పు డబ్బా ఇక్కడే ఉంది. పుల్లలు ఆ గ్లాసులో ఉన్నాయి. యూరిక్ యాసిడ్ అడిగినాయనా, మీకు రెండు ముక్కలే.